గాత్రానికి ఇరవైకి ఇరవై

ఈ సంగతి ఇంతకాలం ఎందుకు రాయలేదని మీరు అడగకముందే చెప్పేస్తాను. అరవయ్యేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. వచ్చాక కొన్నాళ్ళు సిగ్గు అడ్డొచ్చింది. ఎందుకంటే చదవడం నేర్చుకుని నేను చేసిన మొట్టమొదటి ఘనకార్యమే ఇది. చదువు రానన్నాళ్ళూ నావల్ల చీమకు కూడా హాని జరగలేదు. వచ్చిన ఏడాది తిరక్కముందే ఒక సంగీత సభ పరువునూ, ఒక ఆడపిల్ల బతుకునూ ఒకే కలంతో పొడిచేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతి మొదటినుంచీ అంతంత మాత్రమే కనుక, పోయింది చెవి.

చిన్నప్పుడు నన్ను బడి గుమ్మం దగ్గరి నుంచే మా నాయనమ్మ వెనక్కి లాక్కొచ్చింది. "మిరపకాయలు కోసే చేతికి బలపమెందుకే, అది కూడా మండడానికా?" అంది. పెళ్ళయ్యాక మా ఆయనే నాకు కళ్ళు. బస్సు బోర్డు, పెళ్ళి కార్డు, మందు సీసా మీద రాత, అన్నీ ఆయనే చదివి చెప్పేవాడు. ఆయన పోయిన తర్వాత ఒకరోజు క్రోసూరు బస్సనుకుని మాచర్ల బస్సెక్కాను. గురజాల దాటాక గాని ఆ ముక్క తెలియలేదు. ఆ సాయంత్రం మా కోడలు జ్యోతి పలక తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. జ్యోతి బళ్ళో టీచరు.

"అత్తయ్యా, మిమ్మల్ని ఊరూరా వెతకడం నావల్ల కాదు. దిద్దండి" అంది.

దిద్దాను. కూడబలుక్కుని చదివే దాకా వచ్చాను. ఇక నన్ను పట్టడం ఎవరి తరం? ఉప్పు ప్యాకెట్టు, సబ్బు పెట్టె, గోడ మీద పోస్టరు, ఏది కనిపిస్తే అది పైకి చదివేదాన్ని. కోతికి కొబ్బరికాయ దొరికితే పగలగొట్టుకు తింటుంది, గొడవ వదిలిపోతుంది. నాకు అక్షరం దొరికితే తీసుకెళ్ళి ఊళ్ళోవాళ్ళ నెత్తిన కొట్టడం మొదలుపెట్టాను.

నరసరావుపేటలో మా వీధి చివర ఒక సంగీత సభ ఉంది. మొదట్లో నేను అక్కడికి ఫ్యానుల కోసం వెళ్ళేదాన్ని. మా ఎండలు తెలిసినవాళ్ళెవరూ నన్ను తప్పుపట్టరు. పోగా పోగా పాట కోసం వెళ్ళడం అలవాటైంది. అది ఏ రాగమో, ఏ తాళమో నాకు తెలియదు. బాగుంటే ఒళ్ళు పులకరించేది. బాగాలేకపోతే పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి. అదే నా విద్వత్తు.

ఆ సభ కార్యదర్శి ప్రకాశరావు గారు. వయొలిన్ వాయిస్తారు. ఒకరోజు ఆయన, రిటైరైన సంగీతం టీచరు వేదవతి గారు కలిసి మా ఇంటికి వచ్చారు.

"కోటమ్మ గారూ, ఈసారి ఉత్సవంలో పాడటానికి ఒకరిని ఎంపిక చెయ్యాలి. రికార్డింగులు తెప్పించాం. మేమిద్దరం విని మార్కులు వేస్తాం. మూడో మనిషిగా మీరు ఉండాలి" అన్నారు ప్రకాశరావు గారు.

"నేనా! సంగీతం గురించి నాకేం తెలుసండీ?"

"అందుకేనమ్మా! కిందటేడు మేం మెచ్చి పిలిపించినాయన పాడుతుంటే సగం హాలు టీకని లేచెళ్ళి తిరిగి రాలేదు. సంగీతం తెలియకుండా వినేవాళ్ళు ఒకరుండాలని సభలో తీర్మానం చేశాం. ఎంత ఆలోచించినా మీకంటే తెలియనివాళ్ళు మాకు తట్టలేదు."

ఇంత గౌరవం నాకు అంతకుముందెప్పుడూ జరగలేదు. అప్పటికి నాకు అరవై ఒకటి. చిన్నతనం, దూకుడెక్కువ. వెంటనే ఒప్పుకున్నాను.

ఆయన మార్కులు వేసే కాగితం తీసి, "ఇందులో గాత్రం అంటే ఏంటంటే..." అని మొదలుపెట్టారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"నోటితో చెప్పొద్దండీ. కాగితం ఇటివ్వండి. నాకు చదవడం వచ్చు."

ఆ ఒక్క వాక్యం పూర్తిచెయ్యనిచ్చి ఉంటే మీకు ఈ కథ లేదు. జ్యోతి కూడా వంటింట్లోంచి, "అత్తయ్యా, నేను చదివి పెడతాలెండి" అంది. ఆమెకూ అదే సమాధానం చెప్పాను.

వాళ్ళు వెళ్ళాక కళ్ళజోడు పెట్టుకుని కాగితం ముందేసుకున్నాను. నాలుగు గడులున్నాయి. శ్రుతి. గాత్రం. నడక. పట్టు. ఒక్కోదానికీ ఇరవై మార్కులు. త-కింద ర-వత్తును తడబడకుండా చదివినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. అంతకన్నా సంతోషం ఇంకొకటుంది. పండితులు వేసిన కాగితంలో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు!

నవ్వకండి. ముందు నా వైపు న్యాయం వినండి. మా పల్లెలో గాత్రం అంటే లావు. మోకు ఎంత గాత్రం ఉంది, దుంగ ఎంత గాత్రం ఉంది అంటాం. మనిషి పుష్టిగా ఉంటే గాత్రమైన మనిషి అంటాం. 'సభలో ఎన్ని కచేరీలు వినలేదు, మైకులో ఆ మాట చెవిన పడలేదా' అంటారా? పడింది. "గాత్రం, ఫలానావారు" అని మైకులో చదవగానే, నా ఖర్మకొద్దీ, ప్రతిసారీ బల్లలు కిర్రుమనేటంత మనిషే వచ్చి మధ్యలో కూర్చునేవారు. పక్కన వయొలిన్ వాయించేవారు బక్కగా ఉండేవారు, ఆయనకు గాత్రం అనేవారు కాదు. నాకు అనుమానం ఎలా వస్తుంది?

ఇంకో సంగతి. వయసులో ఉన్నప్పుడు మా చుట్టాల్లో ఎవరింట పెళ్ళిచూపులైనా నన్ను వెంట తీసుకెళ్ళేవాళ్ళు. పిల్ల చేత ఒక పాట పాడించేవాళ్ళం. ఇటునుంచి అటు నడిపించేవాళ్ళం. ఒళ్ళు చూసేవాళ్ళం. కట్టుకున్నది పట్టుచీరో కాదో కొంగు నలిపి తేల్చేవాళ్ళం. శ్రుతి, గాత్రం, నడక, పట్టు. 'సభవాళ్ళది కూడా మన పద్ధతే' అనుకుని నిశ్చింతగా జ్యోతి ఫోను తీసి, దానికి సౌండు బాక్సు తగిలించాను.

చివరికి మిగిలిన గాయనులు ఇద్దరు. మొదటి వీడియో మాచర్ల సరోజిని గారిది. ఏదో స్టూడియోలో తీయించారు. ప్రతి మాటా బావిలో పడి మళ్ళీ పైకి వచ్చినట్టు రెండుసార్లు వినిపించింది. పాట బాగుంది. బాగుందంటే, పాలు గుర్తు రాలేదు, అలాగని ఒళ్ళూ పులకరించలేదు. కానీ ఆమె నడిచి వచ్చి కూర్చున్న తీరు చూడాలి! మెరిసే ఎర్రచీరలో రథం కదిలి వచ్చినట్టు వచ్చారు.

రెండోది దుర్గి ఊరి పిల్ల అఖిలది. వాళ్ళది శిల్పాలు చెక్కే ఇల్లు. సన్నగా, మునక్కాడలా ఉంది. నూలు చుడీదారు వేసుకుని చాప మీద కూర్చుంది. వెనక ఎవరో రాయి చెక్కుతున్న చప్పుడు, టింగు టింగుమని. పిల్ల గొంతెత్తగానే నాకు ఆ ఉలి చప్పుడు వినిపించడం మానేసింది. పాట సగంలోకి వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. పాటయ్యాక ఆ పిల్ల ఫోను దగ్గరికి మొహం పెట్టి చెప్పింది: "ఈసారి మీ సభలో ఎంపికైతే సంగీత కళాశాలకు పంపుతానన్నాడు మా నాన్న. కాకపోతే పాట మానేసి బొమ్మల కొట్లో కూర్చోమన్నాడు. నా పాటలో తప్పులుంటే దయచేసి చెప్పండి."

శ్రుతికి ఇరవైకి ఇరవై వేశాను. తర్వాత గాత్రం గడి వచ్చింది. నా చెవి ఒకటంటుంది, కాగితం ఒకటడుగుతుంది. పాత కోటమ్మ అయితే చెవి మాటే వినేది. కొత్త కోటమ్మ చదువుకున్న మనిషి. అచ్చులో ఉన్నదానికి ఎదురు చెబుతుందా? 'పాపం, పిల్ల మంచిదే, కానీ ఒంట్లో ఏముంది' అనుకుంటూ రెండు మార్కులు వేశాను. నడక సున్నా, ఆ పిల్ల చాప మీంచి లేవనేలేదు. పట్టు సున్నా, అది నూలు. సరోజిని గారికి ఆ మూడు గడుల్లోనూ ఇరవైకి ఇరవై.

ఆ సాయంత్రమే సభలో ముగ్గురం కూర్చున్నాం. ప్రకాశరావు గారి మొగ్గు సరోజిని గారి వైపు, వేదవతి గారి మొగ్గు అఖిల వైపు. కూడి చూస్తే ఇద్దరికీ సరిసమానం. ఇక తేల్చవలసింది నా కాగితమే. చూడగానే వేదవతి గారు ఉలిక్కిపడ్డారు.

"అఖిల గాత్రానికి రెండే మార్కులా! ఎందుకమ్మా?"

"మరీ సన్నమండీ."

"సన్నమే, కాదనను. కానీ ఎంత ముచ్చటగా ఉంది!"

"ముచ్చటగా ఉంటే సరిపోద్దా అండీ? రెండు గంటల కచేరీ. అంత సన్నదైతే మధ్యలో కూలబడిద్ది."

"అదీ మాట!" ప్రకాశరావు గారు తొడ చరిచారు. "గాత్రంలో దమ్ముండాలి."

"చిన్నపిల్లండీ. సాధన చేస్తే గాత్రం అదే నిండుతుంది" అన్నారు వేదవతి గారు.

"సాధనతో ఎట్టా నిండుద్దండీ? ఉన్నది కూడా కరిగిపోయిద్ది. పూటకింత నెయ్యి పొయ్యాల. మినప సున్నుండలు పెట్టాల. ఓపిగ్గా మేపితే అదే వచ్చిద్ది గాత్రం."

పండితులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నెయ్యి..." అన్నారు ప్రకాశరావు గారు ఆలోచనగా. "మా గురువుగారు కూడా కచేరీకి ముందు చెంచాడు నెయ్యి తాగేవారు. మరి సరోజిని గారి గాత్రం?"

"దానికేమండీ! గుమ్మం నిండా ఉంది."

"గుమ్మం నిండా! ఎంత చక్కగా చెప్పారు! సరే, అఖిలకు నడక సున్నా ఏంటి?"

"కూర్చున్నచోటే కూర్చుందండీ. ఒక్క అడుగు కదిలితే ఒట్టు."

వేదవతి గారు నిట్టూర్చారు. "అది మాత్రం నిజం. నెమ్మదిగా ఎత్తుకుని అక్కడే ఉండిపోయింది. నేనూ గమనించాను."

"సరోజిని గారైతే రథం కదిలినట్టేనండీ. తొందరా లేదు, తొట్రుపాటూ లేదు."

"ఆహా! మరి పట్టు?"

"అఖిల దగ్గర పట్టెక్కడిదండీ, పాపం. రాతిపని చేసుకునేవాళ్ళు."

వేదవతి గారికి కోపం వచ్చింది. "రాతిపనికీ పట్టుకీ సంబంధమేంటమ్మా? పట్టు ఎవరికైనా రావచ్చు."

"రావచ్చండీ, డబ్బుంటే."

ఆవిడ తల పంకించి, "అదీ నిజమే. ఈ రోజుల్లో మంచి గురువు దగ్గర చేరాలంటే డబ్బే కావాలి" అన్నారు.

"సరోజిని గారిది మాత్రం అసలైన కంచి పట్టండీ. చూడగానే పోల్చా."

ప్రకాశరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఆవిడ గురువుగారిది కంచేనమ్మా! ఒక్క పాట విని ఊరు చెప్పేశారు!"

మీరు నమ్మరుగాని, నేను వినయంగా తల వంచుకున్నాను కూడా.

గాయనికి సహకరించే వాద్య బృందం రికార్డింగు ఒకటి మిగిలింది. దానికీ అదే కాగితం. వాద్యాలకు గాత్రం గడి వదిలేయమని వెనక వైపు రాసి ఉందట. కాగితాలకు వెనక వైపు కూడా చదవాలని నాకెవరూ నేర్పలేదు.

"ఘటం గాత్రం దివ్యంగా ఉందండీ" అన్నాను. "మృదంగం ఫరవాలేదు. పిల్లనగ్రోవే మరీ చిటికెనవేలు."

"ఫ్లూటు నిజంగానే సన్నగా పడింది. మైకు దూరం పెట్టినట్టున్నారు. వయొలిన్?"

"పైనా కిందా బాగుందండీ. నడుం దగ్గరే సన్నం."

"పై స్థాయి, కింది స్థాయి బాగున్నాయి, మధ్య స్థాయి బలహీనం!" అంటూ ఆయన జేబులోంచి కలం తీశారు. "వేదవతి గారూ, నలభై ఏళ్ళుగా వయొలిన్ పట్టుకుని తిరుగుతున్నా, నాకు తట్టలేదండీ ఈ సంగతి!"

ముగ్గురం సంతకాలు పెట్టాం. నా పేరులో ట-కు కొమ్ము ఎక్కువై 'కోటుమ్మ' అని పడినా ఎవరూ ఏమీ అనలేదు. అంతటి మనిషినైపోయాను మరి. ఇంటికొచ్చి జ్యోతితో, "వయొలిన్ గురించి ఆయనకు నాలుగు ముక్కలు చెప్పి వచ్చా" అన్నాను. జ్యోతి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

వారం తిరిగింది. ఎంపిక సంగతి మైకులో ప్రకటించే రోజు వచ్చింది. అన్నం తిని నడుం వాలుద్దామనుకుంటుంటే వాకిట్లో ఒక కేక.

"మూడో జడ్జి కోటమ్మ ఇల్లిదేనా?"

వెళ్ళి చూస్తే ఇద్దరు. ఒకరు అఖిల. ఇంకొకరు ఆ పిల్ల తల్లి రవణమ్మ. చెయ్యెత్తి కొడితే గోడ పడేట్టుంది.

"నేనేనమ్మా, రండి."

"నువ్వా? చెవులు బానే ఉన్నయ్యే చూడబోతే!" అంటూ రవణమ్మ ఫోను నా మొహం ముందు పెట్టింది. "చదువు. నువ్వు చెప్పిందేనంట."

చదవమంటే నాకు పండగే గదా. పైకి చదివాను. ప్రకాశరావు గారు పంపిన మెసేజి. 'మూడో న్యాయనిర్ణేత అభిప్రాయం: గాత్రం సన్నం. నడక లేదు. పట్టు బొత్తిగా లేదు. నెయ్యి, మినప సున్నుండలు వాడవలెను.'

"వాడినం!" అంది రవణమ్మ. "పొద్దున నెయ్యి, మాపున నెయ్యి, మధ్యలో సున్నుండలు. ఏమే అఖిలా, పాడవే. ఇనిపించు ఈమెకి."

అఖిల నోరు తెరిచింది. గానుగ తిరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది.

"ఇన్నావా? బంగారంలాంటి గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు చాలా నీకు గాత్రం? ఇప్పుడు లావయిందా నా బిడ్డ గొంతు?"

"గొంతా?" నాకు అర్థం కాలేదు. "గొంతునెవరన్నారమ్మా? ఆ పాట ఇని నేను ఏడ్చా తెలుసా! శ్రుతికి ఇరవైకి ఇరవై ఏశా. నేనన్నది గాత్రం."

"గాత్రమంటే ఏంది మరి?"

"ఒళ్ళు గదా!"

అఖిల బొంగురు గొంతుతో మెల్లగా అంది: "పెద్దమ్మా... గాత్రమంటే గొంతు."

గబగబా వేళ్ళ మీద మిగతా గడులు లెక్కపెట్టాను. "నడక?"

"పాట నడక పెద్దమ్మా."

"పట్టంటే... చీర కాదా?"

"చీరేంది? తాళం మీద పట్టు."

రవణమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "అంటే నువ్వు నా బిడ్డకి పెళ్ళిచూపులు చూసినావా!"

లోపల వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడు. జ్యోతి గుమ్మం పట్టుకుని నవ్వలేక, నవ్వకుండా ఉండలేక వంగిపోయి ఉంది. అఖిలకు కూడా నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"నాన్న రేపట్నుంచే కొట్లో కూర్చోమన్నాడు పెద్దమ్మా. సభోళ్ళే చెప్పినారు గదా, ఇంకెందుకు పాట అన్నాడు."

నవ్వడం అక్కడితో అయిపోయింది. పాటలో తప్పులుంటే చెప్పమని అడిగింది ఆ పిల్ల. పాటలో లేని తప్పు తెచ్చి ఆమె మెడకు కట్టాను. చెప్పులు వేసుకున్నానో లేదో చూసుకోకుండా సభకు పరిగెత్తాను. వెనక రవణమ్మ, అఖిల, జ్యోతి.

ప్రకాశరావు గారు వేదిక పక్కన దండలు సర్దిస్తున్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొహం కడిగిన పలకలా అయిపోయింది.

"అమ్మా... అయితే కంచి పట్టు అన్నది?"

"చీరండీ."

"మరి వయొలిన్ నడుం?"

"నడుమేనండీ."

వేదవతి గారు పైట నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగారు. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఇంకెవరికైనా చెప్పారా? చెప్పకండి. ఆ వయొలిన్ సంగతి అసలు చెప్పకండి. ఆ రోజు తలూపింది నేనే గదమ్మా! పైగా సరోజిని గారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆవిడతో ఏమని చెప్పను? మీ ఒళ్ళు చూసి మార్కులు వేశామనా?"

"మరి ఈ పిల్ల?"

"వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏటికి కొట్లో బొమ్మల మధ్య బొమ్మయి ఉంటదండీ!"

ఆయన మళ్ళీ దండల వైపు తిరిగారు. చెడ్డమనిషి కాదు, పరువున్న మనిషి. ఈ రెండో రకంతోనే కష్టం. నాకైతే ఆ బెంగ లేదు. అక్కడున్న నా మార్కుల కాగితాన్నే తిరగేసి, ఈసారి వెనక వైపు కూడా చదివి, మిగిలిన ఖాళీలో రెండు ముక్కలు రాశాను. నేరుగా మైకు దగ్గరికి వెళ్ళాను.

నా చదువు సంగతి తెలుసు కదా. అందరూ వాక్యం చదువుతారు, నేను అక్షరం చదువుతాను. "నే...ను... గా...త్రం... అం...టే... లా...వు... అ...ను...కు...న్నా...ను." ఒక్కో అక్షరం హాలు చివరి వరస దాకా వెళ్ళి కూర్చుంటోంది. "ప...ట్టు... అం...టే... చీ...ర... అ...ను...కు...న్నా...ను. త...ప్పు... నా...ది. పి...ల్ల...ది... కా...దు." త్వరగా అయిపోగొడదామంటే నాకు త్వరగా చదవడం రాదు.

హాలంతా బిగుసుకుపోయింది. అందరూ ముందు వరసలో ఉన్న సరోజిని గారి వైపు చూస్తున్నారు. ఆమె మెల్లగా లేచారు. రథం కదిలినట్టే. నేను కళ్ళు మూసుకున్నాను.

ముందు నవ్వు వినిపించింది. గుమ్మం నిండా అన్నానే, ఆ నవ్వు గుమ్మం దాటి వీధి మలుపు దాకా వెళ్ళింది.

"ఇన్నేళ్ళ నుంచి పాడతన్నా. గాత్రానికి ఇరవైకి ఇరవై ఒక్క మారాజూ ఎయ్యలేదు. ఏసిన తల్లిని చూసి దణ్ణం పెట్టుకుందామని పనిగట్టుకుని మాచర్ల నుంచొస్తే, ఎట్టేసిందో చూడండయ్యా!"

"క్షమించండమ్మా" అన్నాను.

"ఉండు, ఇంకోటుంది. ఆ చీర కంచిది కాదు. అసలు పట్టే కాదు! సంతలో కొన్న సిల్కు. ఆ మార్కులు కూడా కొట్టెయ్యి."

పెళ్ళిచూపుల్లో కొంగు నలిపి పట్టును పోల్చే మనిషినని నాకు ఉన్న ఒక్కగానొక్క బిరుదు కూడా అలా పోయింది.

హాలు నవ్వుల్లో మునిగిపోయింది. ప్రకాశరావు గారు కూడా ఇక తప్పదన్నట్టు నవ్వేశారు. సరోజిని గారే అడిగారు, అఖిల పాట అందరికీ వినిపించమని. పిల్ల గొంతు బొంగురుపోయి ఉంది కనుక పెద్ద స్పీకర్లలో ఆ రికార్డింగు పెట్టారు. టింగు టింగుమని ఉలి, దాని మీద ఆ గొంతు. సరోజిని గారు కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నారు. పాటయ్యేదాకా ఒక్కరు కూడా టీకి లేవలేదు. అయ్యాక ఆమె కళ్ళు తెరిచి, "ఉత్సవంలో ఈ పిల్లే పాడాల. అప్పటికి ఆ బొంగురు అదే తగ్గిద్ది. నేనొచ్చి ముందు వరసలో కూర్చుంటా. నా గాత్రానికి రెండు కుర్చీలెయ్యండి" అన్నారు.

ప్రకాశరావు గారు మైకులో అఖిల పేరు చదివారు. రవణమ్మ అప్పటికే మొగుడికి ఫోను చేసి, స్పీకరు వైపు తిప్పి పట్టుకుని ఉంది. పేరు చదవడం అవ్వగానే ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "ఇన్నావా? రేపట్నుంచి కొట్లో నువ్వే కూర్చో" అని పెట్టేసింది.

అందరి ముందూ, ఆ మైకు దగ్గరే, కుడిచెయ్యి చాపి ప్రమాణం చేశాను. "కోటమ్మ అను నేను, ఇకమీదట గాత్రాన్ని చెవులతో తప్ప కళ్ళతో చూడనని, ఎంత కష్టమైన వత్తు చదివినా మిడిసిపడనని, ఏ కాగితమైనా రెండు వైపులా చదువుతానని, ఎవరి బిడ్డకూ నెయ్యి సలహా ఇవ్వనని, అంతఃకరణ శుద్ధితో ప్రమాణం చేస్తున్నాను." అఖిల బొంగురు గొంతుతో చప్పట్లకంటే గట్టిగా నవ్వింది.

మర్నాడు పొద్దున సంచీ పట్టుకుని కూరగాయలకు వెళ్ళాను. సొరకాయలమ్మే ఆమె నన్ను చూసి ఒక కాయ పైకెత్తింది.

"రా పెద్దమ్మా, చూడు, ఎంత గాత్రంగా ఉందో!"

నేను కాయ అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని, వేలి మెటికతో కొట్టాను.

"ఏంది పెద్దమ్మా, ఫోననుకున్నావా?"

"ఉండమ్మా, ఇననియ్యి" అన్నాను.

గాత్రం బాగానే ఉంది. శ్రుతే కొంచెం తగ్గింది. పక్క కాయ తీసుకున్నాను.